కొట్టు గొంతు

తణుకులో కొట్లన్నీ మాట్లాడటం మొదలుపెట్టి చాలా కాలమైంది. హైమావతి, భాస్కరం నడిపిన కాఫీపొడి కొట్టు, వాళ్ల పెళ్లయిన కొత్తలో ఇద్దరి మాటలూ విని, వాళ్ల గొంతులే పట్టేసింది. గడపలో ఎవరు కాలుపెట్టినా "రండి రండి, మన కొట్టే!" అనేది. ఆ 'మన' వినడానికే జనం పొరుగూళ్ల నుంచి కూడా వచ్చేవారు.

విడాకులయ్యాక వ్యాపారానికి విలువ కట్టమని కోర్టు ఒకావిడను పంపింది. ఆవిడ కాఫీ మరనూ కొట్టు గదినీ ఒక వాటాగా, కొట్టు గొంతు ఉండే చిన్న డబ్బాను మరో వాటాగా తేల్చింది.

"రెండూ సమానంగానే తూగుతున్నాయండీ. ఎవరికేది కావాలి?"

"మర నాకిప్పించండి. ఆ వాగుడు ఈవిడకిచ్చెయ్యండి," అన్నాడు భాస్కరం.

"మీ వాగుడూ అందులోనే ఉందిలెండి," అంది హైమావతి.

నిజానికి ఆమెకు కావలసిందీ అదే. ఆ డబ్బాలో వాళ్లిద్దరికీ ఇంకా చెడలేదు. అద్దెగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పలకరింపు ఒక్కటి వినబడితే బతికేయొచ్చనుకుంది.

గది చేరగానే డబ్బాను కిటికీలో పెట్టి మీట నొక్కింది. లోపల భాస్కరం ఏదో అన్నాడు. ఎవరో పడుచుపిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వు తనదే.

"ఏమండీ, నేను... హైమను," అంది.

నవ్వు ఠక్కున ఆగిపోయింది. లోపల ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. తర్వాత తన గొంతే, కొత్తవాళ్లతో మాట్లాడినంత మర్యాదగా పలికింది.

"ఎవరు కావాలండీ? ఇక్కడ మేమిద్దరమే ఉంటాం."