కొత్త ఆనవాలు

మే నెల పద్నాలుగో తారీఖు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో మామిడికాయ వేసిన కానాగంతల పులుసు. పైడిబాబు పులుసన్నం తిని, చేప ముక్కలన్నీ వేళ్లతో తడిమి కంచం అంచున వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కున్నాడో లేదో, గునపం పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, మనిషెత్తు తురాయి మొక్కని గోతి దగ్గరికి ఈడ్చాడు.

అమ్ములు వెనకే పరిగెత్తింది. ఆమె చేతిలో తడి కాగితంలో చుట్టిన లిల్లీ దుంపలున్నాయి. చర్చికి పూలు కోసుకునే తన పాదులోంచి తవ్వి, పక్కింటి మేరమ్మ ఆ ఉదయమే ఇచ్చింది.

“ఆ గొయ్యి లిల్లీలకి తవ్వాను మావా. నీ సెట్టుకి కాదు.”

“దుంపలు ఎక్కడైనా పాతుకో. సెట్టుకి ఈ మెరకే కావాల.”

దీవి అంచున, వండూర్ గట్టు మీద ఆ ఇంటికి ఉన్న వాకిలి ఎంతని! మెట్లకీ కంచెకీ నడుమ ఒక్క పాదు పట్టే చోటు. అక్కణ్నుంచి చూస్తే కింద సముద్రం, రేవులో కట్టేసిన పైడిబాబు డుంగీ. ఆ చిన్న పడవా దాని ఇంజనూ తప్ప వాళ్లకి వేరే ఆధారం లేదు.

“తురాయి పూయాలంటే నాలుగేళ్లు. ఇయ్యి తొలివానకే పూస్తాయి. వేళ్లు గోడలోకి పోవు. గాలివానకి కొమ్మ ఇరిగి మన రేకుల మీద పడదు. ఎండల్లో ఆకు మాడినా లోపల దుంప బతికే ఉంటాది. నీ సెట్టుతో క్యా ఫాయిదా?”

“నేలకి జానెడెత్తున పూసిన పువ్వు ఎవుడికి అవుపడతాదే?”

“వాకిట్లో పువ్వు ఇంట్లోవోళ్లకి అవుపడితే సాలదేటి?”

కంచె అవతల బట్టలారేస్తున్న మేరమ్మ నవ్వింది. “రెండూ వేసుకోండి భయ్యా. చెట్టు మొదట్లో లిల్లీలు.”

“నీడలో లిల్లీ ఏటి పూస్తాది దీదీ?” అని అమ్ములు మళ్లీ మొగుడి మీదికి తిరిగింది. “నా జడకి ఏనాడైనా మూరెడు పూలు తెచ్చావా? ఇప్పుడేమో పోతరాపూర్ నుంచి సెట్టుకి సెట్టే బస్సు మీదేసుకుని మోసుకొచ్చావు!”

“నీకు అర్థం కాదే. సముద్రం మీంచి అవుపడాల. ఎర్రగా, మంటలాగ.”

మేరమ్మ ఖాళీ బక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అమ్ములు కింది నీళ్లకేసి చూసింది.

ఎదుటి నీళ్లలో సగం సర్కారు కాపాడే సముద్రపు పార్కువి. అక్కడ వేట నిషేధం. ఈమధ్య రెండుసార్లు పైడిబాబు ఆ హద్దు దాటి గస్తీ బోటుకి దొరికాడు. రెండోసారి వచ్చినాయన మంచివాడు. “ఇంకోసారి దొరికితే డుంగీ జప్తు, నువ్వు జైలుకి” అని చెప్పి వదిలేశాడు. ఆ దయ వల్లే ఇవాళ వాళ్ల పొయ్యి మీద పులుసు ఉడికింది. హద్దెందుకు దాటావని అడిగితే మాత్రం పైడిబాబు నోరు విప్పడు. పార్కు నీళ్లలో దొంగచాటుగా శంఖాలేరి బయటి పడవలకి అందించేవాళ్లున్నారని రేవులో గుసగుసలు.

అమ్ములు గొంతు తగ్గించింది. “మనోళ్లకి ఆనవాలు కరువేటి మావా? కొండకొమ్మూ టవరూ ఒక గీత మీదికొస్తే మన రేవు. పెళ్లైన కొత్తలో డుంగీలో కూకోబెట్టి నువ్వే కదా సూపించావు. కొత్త ఆనవాలు కొత్తోళ్లకే కావాల. ఎవుళ్ల కోసం ఈ సెట్టు?”

“నాకోసం.”

“నీకా! నిద్దట్లో కూడా రేవుకొచ్చీగలవు నువ్వు. పోనీ నీకే అనుకో. నాలుగేళ్లకి పూసేదానికి ఇయ్యాలే తొందరేటి?”

“నాలుగేళ్లకే నాకు మరీ కావాల,” అని పైడిబాబు గునపం మట్టిలో గుచ్చాడు. “ఛోడో. నీతో పడలేను.” లోపలికి పోయి మంచమెక్కాడు.

అమ్ములు తురాయిని కంచెకి చేరేసి, గోతిని మట్టితో పూడ్చి, దుంపలు నాటింది. కింద ఏ ఇంజను చప్పుడైనా తలెత్తి చూసింది. గస్తీ బోటు వెనక తాడుకట్టి లాక్కుపోతున్న తమ డుంగీయే కళ్లముందు ఆడుతోంది. జైలు గోడల వెనక పైడిబాబు. ఖాళీ రేవు. మబ్బు పట్టిన వాన మాత్రం ఆమె పని ముగిసేదాకా ఓపిక పట్టింది.

ఇక అడిగెయ్యాలి. శంఖాలోళ్లతో కలిశావా లేదా, ఒక్కమాట చెప్పు. కలిసుంటే రేపే ఇంజను అమ్మేద్దాం, కూలికైనా పోదాం.

మునిమాపు వేళ వీధి దీపం వెలిగింది. అమ్ములు చేతులు దులుపుకుని మెట్ల కింద, వెలుతుర్లో నిలబడింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. పైడిబాబు గడప మీదికొచ్చి, చెయ్యి చాస్తే తగిలే దూరంలో ఉన్న ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. కంచెకి చేరేసిన చెట్టు కేసి చూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. ఆమె అడగబోయింది.

పైడిబాబు మళ్లీ ఆమె ముఖంలోకే చూస్తూ, “అమ్ములూ, లోపలే ఉన్నావేటే? వాకిట్లో ఎవులూ లేరు, తలుపేసీనా?” అని ఇంట్లోకి కేకేసి, జవాబు కోసం కాసేపు చెవి ఒగ్గి, గడియ కోసం చేత్తో తడుముకుంటూ ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసేశాడు.