సగం మనిషి

"డబ్బా నిండుగానే ఉంది. మనిషే సగం ఉన్నాడు," అంది ల్యాబ్‌లో టెస్టులు చేసే ఆవిడ.

క్రేన్‌కి ఏమీ అర్థం కాలేదు. గోదాములో బస్తాలు మోసే ఆ ఆరడుగుల మనిషిని అందరూ క్రేన్ అనే పిలుస్తారు. అన్నకి రెండు కిడ్నీలూ పోయాయి. తనదొకటి ఇస్తానని ముందుకొచ్చాడు. ఇవ్వొచ్చో లేదో తేల్చడానికి, ఒక రోజు మూత్రమంతా డబ్బాలో పట్టి తెమ్మన్నారు. సిగ్గు పక్కన పెట్టి తెచ్చాడు.

"కండలు రోజూ క్రియాటినిన్ అనే చెత్తని వదుల్తాయి. కిడ్నీలు దాన్ని రక్తంలోంచి వడకట్టి మూత్రంలోకి తోసేస్తాయి," ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "ఒక మనిషికి రోజూ ఇంచుమించు ఒకే లెక్క. నీ కండలకి రెండు గ్రాములన్నా ఉండాలి. ఇందులో ఒకటే ఉంది."

"అంటే నా కిడ్నీలు కూడా..."

"అవి భేషుగ్గా ఉన్నాయి. నీ రక్తం చూశాగా, అందులో ఏమీ పేరుకుపోలేదు. ఎవరో సగం పారబోసి నీళ్లు కలిపారు. రేపు మళ్లీ పట్టి ఎల్లుండి తీసుకురా. ఈసారీ ఇలాగే ఉంటే డాక్టరుగారు నిన్ను పక్కన పెట్టేస్తారు."

పక్కనే ఉన్న వదిన అంతా వింది. ఇల్లు చేరాక ఇక ఆగలేదు. ఏడో నెల కడుపుతో గచ్చు తుడుస్తున్న తోడికోడలి ముందు నిలబడింది.

"ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి. డబ్బాలో నీళ్లు పోస్తావా?"

"ఈయనకేమన్నా అయితే మా గతేంటని ఏడ్చిన మాట నిజమే అక్కా. కానీ డబ్బా ముట్టుకోలేదు."

"మరి దయ్యాలొచ్చి పోశాయా?"

డబ్బా చల్లగా ఉంటుందని, ఇంట్లో అందరూ పెద్దాయన అనే అన్న మంచం కిందే పెట్టారు. నిన్న ఆ గదిలోకి చీపురు పట్టుకుని రెండుసార్లు వెళ్లింది ఈ పిల్లే. క్రేన్ కూడా పెళ్లాం వంక అదోలా చూశాడు. వదిన మాటలకన్నా ఆ చూపే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

"నిన్న ఆయన బెడ్‌పాన్ ఎప్పుడూ లేనంత నిండితే, కిడ్నీలు కాస్త పని మొదలెట్టాయని ఎంత మురిసిపోయానో," వదిన కళ్లు తుడుచుకుంది. "ఆ సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు."

లోపల్నుంచి పెద్దాయన గొంతు వినబడింది. "కాసిని నీళ్లివ్వవే."

"రోజుకి ఒక్క సీసానే అన్నారుగా డాక్టరుగారు. నిన్నటిది ఎప్పుడు ఖాళీ చేశారో కూడా తెలీలేదు. ఇవాళన్నా దాచుకుని తాగండి," వదిన కసిరింది. కసిరి, తడిగుడ్డ తీసుకెళ్లి ఆయన మూతి తుడిచింది.

మర్నాడు పొద్దున్నే కొత్త డబ్బాని వదినే స్వయంగా మంచం కింద పెట్టింది. "ఈ గడప తొక్కావంటే ఊరుకోను," అని తోడికోడలికి చెప్పి వంటింట్లోకి వెళ్లింది.

చిన్నకోడలు గడప అవతలే నిలబడింది.

"బావగారూ, మీరన్నా నమ్మండి. నేను పోయలేదు."

పెద్దాయన పగిలిన పెదవులు తడుపుకుని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "తెలుసమ్మా, మొన్న నేను తాగకుండా దాచిన సీసానే అందులో పోశాను, ఈసారి నింద నీ మీద పడకుండా ఎలా పోయాలో చెప్పు."