తాళ్ల మంచం

తాడు తెగింది. రాజేశం నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు.

"కాలు కదిలియ్యి కాకా," పక్కనే మోకాళ్ల మీద కూచుని అడుగుతోంది నవీన. "ఒక్క బొటనవేలు. జర కదిలియ్యి."

బొటనవేలు కదల్లేదు.

"మా బాపును ఏం జేసినవ్?" ఆటో స్టాండ్ నుంచి పరుగెత్తుకొచ్చిన సాగర్ ఆమెను భుజం పట్టి పక్కకు లాగాడు.

"ముందు అంబులెన్సుకు ఫోన్ చెయ్ తమ్మీ. ఆయన్ను లేపకు, అట్లనే ఉండనియ్."

మందమర్రిలో ఆ హాలు తెరిచి ఎనిమిది నెలలైంది. మంచిర్యాలలోని ఒక ఫిజియోథెరపీ సెంటర్ దాన్ని అద్దెకు తీసుకుని, కసరత్తులు చేయించడానికి నవీనను పంపింది. హాల్లో కొన్ని చాపలు, ఒక రిఫార్మర్. మంచంలాంటి చట్రం, దాని మీద ముందుకూ వెనక్కూ జారే పలక, స్ప్రింగులు, పాదాలకు తగిలించే రెండు తాళ్లు. ఆ కసరత్తు పేరు పిలాటిస్. ఆ మాటకు గని కార్మికుల కాలనీలో ఎవరి నోరూ తిరగలేదు. తాళ్ల మంచం అనేశారు.

గనిలో పైకప్పు బండ ఊడి మీద పడి నడుము విరిగిన రాజేశం అక్కడికి చక్రాల కుర్చీలో వచ్చాడు.

మొదటి రెండు నెలలు చాప మీదే.

"ఊపిరి ఇడుసుకుంట పొట్ట లోపటికి గుంజు కాకా."

"ముప్పై ఏండ్లు బొగ్గు తవ్విన బిడ్డా. నాకు ఊపిరి దీసుడు నేర్పుతున్నవా?"

"తవ్వుడే వచ్చింది నీకు. దీసుడు రాలే."

తర్వాత తాళ్ల మంచం. బరువు స్ప్రింగులు మోస్తుంటే, వెన్ను మీద భారం పడకుండా పడుకునే కాళ్లు చాపడం, ముడవడం. చచ్చుబడ్డ తొడల్లోకి మెల్లగా బలం వచ్చింది. ఐదో నెలలో లేచి నిలబడ్డాడు. ఎనిమిదో నెలలో వాకర్ పట్టుకుని పన్నెండు అడుగులు వేశాడు. ప్రతి అడుగూ నవీన రాసుకుంది. గని కంపెనీ మెడికల్ బోర్డుకు వెళ్లే రిపోర్టు అది.

ఆ రోజే పక్క క్వార్టరాయన రాజేశం ఇంటి గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"నడుస్తున్నవట గద రాజేశం. నువ్వు పనికి రావని బోర్డు రాస్తెనే కొడుక్కు నౌకరి. నీ అడుగులు సూస్తె మల్ల నిన్నే పనిల బెడతరు. పాపం, సాగర్ ఇగ ఆటోనే తోలుకోవాలె."

సాగర్ నవ్వలేదు. అతనికి ముప్పై నిండబోతున్నాయి, ఇంకా స్థిరమైన పని లేదు.

మూడో రోజున కాళ్లు చాపుతుండగా తాడు తెగింది; స్ప్రింగులు పలకను విసురుగా లాగేసి రాజేశాన్ని కింద పడేశాయి.

అంబులెన్స్ వెళ్లేసరికి హాలు ముందు కాలనీ అంతా పోగైంది.

"నమ్మి నీ చేతుల పెడ్తిమి గదమ్మా," రాజేశం భార్య అనసూర్య నవీనకు ఎదురుగా వచ్చి నిలబడింది. "నిలబెట్టింది నువ్వే, మల్ల పండబెట్టింది నువ్వే."

నవీన తెగిన తాడు కొసను వేళ్ల మధ్య తిప్పి చూసింది. తలెత్తి సాగర్ వైపు చూసింది. తాడును సంచిలో పెట్టుకుంది.

"తప్పు నాదే. పొద్దున తాడు చూస్కోలే."

"ఇన్నరా? ఆమెనే ఒప్పుకున్నది," సాగర్ అందరికీ వినబడేలా అన్నాడు. "ఇగ ఈ కాలనీల కనబడకు."

ఆమె మధ్యాహ్నం బస్సెక్కింది. ఏ ఊరని కూడా ఎవరూ అడగలేదు.

బోర్డు రాజేశాన్ని పనికిరాడని తేల్చింది. మూడో నెలలో సాగర్ గనిలో చేరాడు.

రాజేశం మంచం మీద పడుకుని, ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగేవాడు. నవీన చెప్పినట్టే, చెప్పినన్ని సార్లు. నడుము కింద ఏదీ అతని మాట వినేది కాదు.

"జర నవీనమ్మను పిలువుండ్రి," అన్నాడు చివరికి.

సెంటర్‌కు ఫోన్ చేస్తే ఆదివారం దాని యజమాని ఓంప్రకాశ్ వచ్చాడు. ఒక్కడే.

"నవీన మా దగ్గర లేదు రాజేశం. తప్పు నాదేనని రాసిచ్చి పోయింది. అటెంక ఏ దవాఖానా పనియ్యలే. హుస్నాబాద్‌ల బట్టల దుకాణంల నిలబడుతున్నదట."

"పనిల తప్పులు అయితయ్ సార్," అన్నాడు సాగర్. "మేం మనసుల పెట్టుకోలే."

ఓంప్రకాశ్ అతని వైపు తేరిపార చూశాడు.

"నవీన ఆ తాడు నాకు చూపెట్టింది. దానంతట అది తెగలే తమ్మీ. సగం కంటె ఎక్కువ బ్లేడుతోని కోసి ఉన్నది. పొద్దున నవీన వెనక చాపలు కడుగుతుంటది. నువ్వు మీ బాపును దెచ్చి తాళ్ల మంచం పక్కన కూసోబెడుతవ్. అప్పుడు అక్కడ బయటోళ్లు ఎవ్వలుంటరు?"

సాగర్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"పోలీసులకు చెప్తనన్న. ఆమె చెప్పనియ్యలే. 'కేసైతె పిల్లగాని నౌకరి పోతది సార్, కాక కాళ్లు ఎట్లనో పోయినయ్, కొడుకన్న మిగలాలె' అన్నది."

"నేను కొయ్యలే సార్."

ఓంప్రకాశ్ లేచి చెప్పులు వేసుకుంటున్నాడు.

"నిజంగ నేను కొయ్యలే. అవ్వా, నువ్వన్న చెప్పు."

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

సాగర్ పోయి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"వాన్నేం అనకుండ్రి సార్," మంచం మీది నుంచి వినబడింది. "ఒక్క నెల లేవకుంట పడి ఉంటె బోర్డు నన్ను పనికిరానని రాస్తదనుకున్న. తాడు కోసింది నేనే."