నలభై కిలోలు

బెంచీ మీద వెల్లకిలా పడుకున్న జీవిత ఛాతీ మీద నలభై కిలోల కడ్డీ మళ్లీ ఆగిపోయింది. రోజూ జిమ్ముకు తోడొచ్చి తల వెనకే నిలబడే భర్త శ్యామ్‌సుందర్ దాన్ని స్టాండు మీదికి ఎత్తేశాడు.

“ఆడోళ్లకు ముప్పై అయిదే జాస్తి. ఇంట్లో బియ్యం మూట ఎత్తు, చాలు.”

“దానికి మెడల్ ఇస్తారా బావా?”

కోచ్ కలైవాణి నవ్వింది. “ఇదే లాస్టు, జీవితా. ఎత్తితేనే తిరువళ్లూరు పవర్‌లిఫ్టింగ్ టీములో పేరు రాస్తా.”

జీవిత కడ్డీని స్టాండు మీంచి ఛాతీకి దించి పైకి తోసింది. అది పైకి పోక తల వైపు జరిగింది. అప్పుడు కనిపించాయి అతని వేళ్లు. నేసేటప్పుడు మగ్గం పలకను ఒళ్లోకి లాక్కున్నట్టు కడ్డీని తన వైపుకు లాగుతున్నాయి. ఇరవై ఏళ్ల నేత అలవాటు, అతనికే తెలియదు. మూడు నెలలుగా ఆమె దాన్ని తన చేతకానితనం అనుకుంది.

“చేతులు తియ్ బావా.”

“మీద పడిందంటే?”

“పడనీ. తియ్.”

అతను వదిలాడు. కడ్డీ వణుకుతూ లేచింది. మోచేతులు నిలిచాయి.

“పేరు రాసేసినా!” అని అరిచింది కలైవాణి.

జీవిత వెంటనే దించలేదు. తలకిందులుగా కనిపిస్తున్న భర్త ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. కడ్డీ పడుతుందని ఇన్నాళ్లూ భయపడిన మనిషి, అది పడనందుకు ఇంకా ఎక్కువ భయపడుతున్నాడు.