నలభై మూడు క్యాసెట్లు

"ఎన్ని ఎక్కువ ఉదాహరణలు చూపిస్తే యంత్రం అంత బాగా నేర్చుకుంటుంది" అని చెప్పి శిరీష బోర్డు దగ్గర నుంచి ఇటు తిరిగింది. చివరి బెంచీలో ఒక చెయ్యి లేచి ఉంది.

"మనిషి గొంతు కూడా నేర్చుకుంటుందాండి?"

అడిగింది ఫిలిప్. అరవై రెండేళ్ళ మనిషి. కృత్రిమ మేధ మీద విశ్వవిద్యాలయం పెట్టిన మూడు నెలల పరిచయ కోర్సుకు వయసుతో పని లేదని ఎక్కడో చదివి చేరాడు. రోజూ కొత్తపేట నుంచి బస్సులో అమలాపురం వచ్చి, ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య కూర్చుని నోట్సు రాసుకుంటాడు.

"నేర్చుకుంటుందండి. కాకపోతే చాలా మాటలు కావాలి."

"పదకొండేళ్ళ మాటలున్నాయండి నా దగ్గర."

మర్నాడు పాత టేప్ రికార్డరు, బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. డబ్బా నిండా క్యాసెట్లు. నలభై మూడు.

"నేను కువైట్‌లో డ్రైవరుగా ఉండేవాణ్ణండి. ఉత్తరంలో ఏం పడతాయని మా సువర్ణ క్యాసెట్లో మాట్లాడి పంపేది. మనవాళ్ళెవరో ఒకరు సెలవు మీద వచ్చి వెళ్తుంటారు కదండీ, వాళ్ళ చేతికిచ్చి."

శిరీషకు తన చిన్నతనం గుర్తొచ్చింది. భర్త కువైట్‌లో ఉన్న పక్కింటి అత్తయ్య మధ్యాహ్నం పూట తలుపులేసుకుని ఒక్కతే మాట్లాడుతుంటే, ఎవరితోనా అని కిటికీ దగ్గర చెవి పెట్టేవారు పిల్లలంతా.

ఫిలిప్ మీట నొక్కాడు. రేకుల మీద వాన చప్పుడు. దాని మీదుగా ఒక లేత గొంతు.

"ఏవండీ, బాగున్నారా? ఇక్కడ మూడు రోజుల్నుంచి ఒకటే వాన. గోదారి లంకల్లోకి వచ్చేసిందంట. మన గేదె ఈనిందండోయ్, పెయ్యదూడ. జున్ను వండితే మీరు గుర్తొచ్చి ముద్ద దిగలేదు. అయినా తినేసేననుకోండి."

క్యాసెట్ అంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా నవ్వారు.

"ఆవిడ..." అంది శిరీష మెల్లగా.

"క్యాన్సరండి, గొంతులో. మూడేళ్ళ కిందట కాకినాడలో ఆపరేషన్ చేసేరు. అప్పట్నుంచీ ఇంట్లో మాట లేదండి."

శిరీష చెయ్యి చాచి టేపు ఆపింది.

తెలుగు ముందే నేర్చిన ప్రోగ్రాము ఒకటి ఉంది. దానికి సువర్ణ మాటలు వినిపిస్తే ఆ గొంతు పట్టుకుంటుంది. ఒక్కో మాట పక్కన ఆ మాట రాసి కూడా ఇవ్వాలి. ఆ రాత పని ఫిలిప్‌ది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కో వాక్యం రెండుసార్లు విని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. మధ్యలో పెన్ను ఆపి, ముప్ఫై ఏళ్ళ కిందటి ఏ మాటకో ఇప్పుడు జవాబు చెబుతున్నట్టు తలాడించేవాడు.

"ఈ వాన చప్పుడూ కోళ్ళ అరుపులూ తీసెయ్యాలండి. దానికి గొంతొక్కటే కావాలి" అంది శిరీష.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాన తీసేస్తే ఆ రోజే పోతుంది కదండీ."

చివరికి రెండు నకళ్ళు తీశారు. వాన లేనిది యంత్రానికి, వాన ఉన్నది ఆయనకు.

లేని మనిషి చేత మాట్లాడించడం మంచిదేనా అని శిరీషకు లోపల ఒకటే పీకులాట. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఫిలిప్ గారూ, ఇది మీ ఆవిడకి ఇష్టమేనంటారా?"

"అదే తెలీడం లేదండి. రోజూ బస్సులో అదే ఆలోచన."

"ఆ గొంతుతో మీరేం వినాలనుకుంటున్నారు?"

"అది నేను చెప్పేది కాదండి."

కోర్సు చివరి వారానికి ప్రోగ్రాము సిద్ధమైంది. ఏ మాట టైపు చేస్తే ఆ మాట సువర్ణ గొంతుతో పలుకుతుంది. శిరీష దాన్ని ఆయన ఫోనులో పెట్టి ఇచ్చింది. ఆయన ఫోనును రెండు చేతులతో అందుకున్నాడు.

"ఆయ్, చాలండి" అన్నాడు.

ఆఖరి రోజున విద్యార్థుల ఇళ్ళవాళ్ళను కూడా రమ్మన్నారు. ముందు బెంచీలు వాళ్ళతో నిండిపోయాయి. శిరీష వెనక గోడ దగ్గర మార్కుల కాగితాలతో కూర్చుంది. ఒకరి తరువాత ఒకరు వచ్చి తాము చేసింది చూపించారు. కొబ్బరి ఆకుల తెగులు గుర్తుపట్టే ప్రోగ్రాముకు అందరూ చప్పట్లు కొట్టారు.

ఫిలిప్ వంతు వచ్చింది. ఆయన ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను చెప్పడానికేం లేదండి. వినండి."

ఏమీ వినపడలేదు. అర నిమిషం గడిచింది. ప్రోగ్రాము ఆగిపోయిందేమోనని శిరీష లేవబోయింది. అప్పుడు స్పీకరులోంచి ఆ గొంతు పలికింది.

"ఏవండీ, ఈ వయసులో నాకింత చిన్నపిల్ల గొంతేంటండీ?"

ఫిలిప్ నవ్వబోయాడు. నవ్వు రాక కళ్ళు తుడుచుకున్నాడు.

"అది ఏ క్యాసెట్లోదండి?" అడిగింది శిరీష.

"ఏ క్యాసెట్లోదీ కాదండి."

"మరి మీరు ముందే టైపు చేసి పెట్టేరా?"

"లేదండి."

"మీ ఫోనేదండీ?"

ఆయన ముందు బెంచీలో మెడ చుట్టూ చెంగు కప్పుకున్న ఒకావిడ వైపు చూశాడు.

ఫోను సువర్ణ చేతిలో ఉంది.