ఇరవై అయిదో రూలు

బంతి గాల్లో పక్కకు తిరిగి బంకర్లో పడగానే ప్రతాప్ పరిగెత్తాడు. వాడి వెనకే వెంకటముని.

పాకాల రోడ్డులో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళు కొండ కింద వేసిన గోల్ఫు మైదానం అది. తొంభై తొమ్మిది ఏప్రిల్. ఆ రోజు ఫైనల్. పదహారు హోల్స్ అయ్యేసరికి ఆట సరిసమానం. ఇక రెండే మిగిలాయి. తక్కిన గుంపంతా ఎండకు తాళలేక దూరంగా గొడుగుల కింద నిలబడి నిమ్మరసం తాగుతోంది.

బంకర్ అంటే నడుము లోతు ఇసుక గొయ్యి. దాని మూలన ఇంకో చిన్న గుంత. బంతి సరిగ్గా అందులోకి జారింది.

ప్రతాప్ భుజాన ఉన్న కర్రల సంచి దించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహం వెలిగిపోయింది.

"పందికొక్కు బొరియ బావా. మా బంతి పక్కకు తీసుకుంటాం."

"యాడుండాది బొరియ? అడివిపంది గోరి పోయిన గుంత అది. ఉండేచోటి నుంచే కొట్టాల."

ఇద్దరికీ ఇరవై అయిదో రూలు నోటికి వచ్చు. బొరియ చేసుకుని బతికే జంతువు తవ్విన గుంత అయితే, బంతి బయటికి తీసి ఇసుకలోనే పక్కన వదులుకోవచ్చు. నష్టం లేదు. కుక్కో పందో కాళ్ళతో గీరిన గుంత అయితే ఆ వెసులుబాటు లేదు. ఆ గుంతలోంచి కొట్టాలంటే నాలుగు దెబ్బలైనా పడతాయి. తక్కువ దెబ్బల్లో బంతిని హోల్లో వేసినవాళ్ళదే గెలుపు కాబట్టి ఆట వెంకటముని పక్షానిదే.

వెంకటముని పెళ్ళాం భువనేశ్వరి ప్రతాప్‌కు తోడబుట్టిన అక్క. ఇంట్లో పక్కపక్కన కూర్చుని తినే బావా బామ్మర్దులు మైదానంలో మాత్రం చెరో వైపు. నిరుడు కప్పు ప్రతాప్ పక్షం ఎత్తుకుపోయింది. ఆ కథ వాడు ఇంటికొచ్చి చేతులు తిప్పుతూ చెబుతుంటే భువనేశ్వరి పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఏడాదిగా వెంకటముని గుండెలో ముల్లులా ఉంది.

"నమ్మకపోతే సూడు" అంటూ ప్రతాప్ గుంతలోకి కుడిచెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. "పంది గోరితే ఇంత లోతుంటాదా? పిలువు అందర్నీ. వాళ్ళే వచ్చి సూస్తారు."

వెంకటముని వెనక్కి తిరిగి చూశాడు. గొడుగులు కదిలాయి. వాళ్ళు వచ్చేలోగా ఆ గుంత బొరియలా కనబడకూడదు. అంతే అనుకున్నాడు. కాలెత్తి గుంత అంచు మీద బలంగా తొక్కాడు.

ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

ప్రతాప్ ఎడమచేత్తో పిడికెడు ఇసుక బావ కళ్ళల్లో కొట్టి, తలతో మూతి మీద పొడిచాడు. వెంకటముని నోట్లోంచి రెండు పళ్ళు రాలాయి.

"నిరుడు ఓడిపోయిన కడుపుమంట ఇంకా సల్లారలేదా? అక్కకు సెప్తా ఉండు!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వెంకటముని చేతికి సంచిలోని బరువైన ఇనప కర్ర తగిలింది. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. ప్రతాప్ కూలబడి, బావ పిక్క కరిచి పట్టుకున్నాడు. రెండో దెబ్బ వీపు మీద. పట్టు వదల్లేదు. మూడో దెబ్బ కణత మీద.

పట్టు వదిలింది.

ఇసుక నెత్తుటిని గటగటా పీల్చేసింది. ప్రతాప్ పెదాలు కదిలాయి.

"బొరియే బావా..."

తర్వాత కదల్లేదు. అప్పుడు కూలిన గుంతలో ఇసుక కదిలింది. మట్టి దులుపుకుంటూ ఒక పందికొక్కు తల బయటపెట్టింది. అటూ ఇటూ వాసన చూసి, ప్రతాప్ చెయ్యి మీదుగా గడ్డిలోకి పారిపోయింది.

ఫ్యాక్టరీ జీపులో తిరుపతి ఆస్పత్రికి చేర్చేసరికి ప్రాణం పోయింది.

భువనేశ్వరి వచ్చింది. చెయ్యి విరిగిందనే విని, ఎముకలు సరిచేసే పుత్తూరు కట్టుకు తీసకపోదామని ఎవరితోనో అంటూనే వరండాలోకి అడుగు పెట్టింది. తెల్లగుడ్డ కప్పిన తమ్ముణ్ణి చూసింది. బేడీలతో బెంచీ మీద కూర్చున్న మొగుణ్ణి చూసింది. అతని దగ్గరికొచ్చి, చొక్కా మీది నెత్తుటి మరక మీద వేలు పెట్టింది.

"ఇది నీదా, వాడిదా?"

వెంకటముని తల దించుకున్నాడు. ఆమె తమ్ముడి కాళ్ళ దగ్గరికి పోయి నేల మీద కూలబడింది.

హెడ్ కానిస్టేబుల్ మునిరామయ్య మైదానంలో విచారణ ముగించుకుని సాయంత్రానికి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ బెంచీ మీద వెంకటముని పక్కన కూర్చున్నాడు. వెంకటముని తల ఎత్తాడు. నోరు వాచి మాట సరిగ్గా రావడం లేదు.

"ఆట... ఆట నిలిపేసినారా సార్?"

మునిరామయ్య టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యాడ నిలిపినారప్పా, మీ సార్లిద్దరూ సంచులు మోసేదానికి వేరే ఇద్దర్ని పిలిపించుకుని, ఆ మిగతా రెండు హోల్సూ ఆడేసి, ఒకే కార్లో భోజనానికి పోయినారు."