వంతెన అవతలి నిషేధం

సౌదీలోని అల్ అజీజియాలో నమ్రత ఇంటి ముందు కొత్త డ్రైవర్ గౌస్ మొహిద్దీన్ కారు తాళం అందుకున్నాడు. తలుపు మాత్రం తీయలేదు.

"మేడమ్, ఒక మాట చెప్పాల. వంతెన దాటి బహ్రెయిన్ పోతే నేను బండి నడపకూడదు. నిషేధం ఏసినారు."

నమ్రత అతని సౌదీ లైసెన్సును ఫోన్‌లో మళ్లీ చూసింది. అందులో ఏమీ లేదు. పాత డ్రైవర్ మానేసినప్పటి నుంచి పాపను తానే బడిలో దింపి, ఆమె రోజూ పనికి ఆలస్యంగానే వెళ్తోంది. నిన్న మేనేజర్ ఆఖరిసారి అని హెచ్చరించాడు.

"అది అక్కడి సంగతి గౌస్ భాయ్. ఇక్కడికి రాలేదుగా."

"ఎందుకేసినారో చెప్తా మేడమ్."

"స్పీడే కదా. మా ఆయనకీ రెండుసార్లు ఫైను పడింది. పాపతో మాత్రం నెమ్మదిగా వెళ్లండి."

కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆమె పరుగున వెళ్లి ఎక్కేసింది.

గౌస్ కారు స్టార్ట్ చేసి, వెనక సీటులో ఉన్న పాప వైపు తిరిగాడు.

"పాపా, నా తల ఉన్నట్టుండి పక్కకు వాలితే భయపడాకు. గట్టిగా భుజం తట్టు. బహ్రెయిన్‌లో ఆ పొద్దు తట్టేవాళ్లు లేకపోయినారు."